దారే దుర్గం

తెలుగులో కోటకు దుర్గమని మరో పేరు ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటలో గోడ లేదు, బురుజు లేదు, రాయి లేదు. కష్టాన్ని సూచించే ఉపసర్గ ఒకటి, పోవడాన్ని సూచించే ధాతువు ఒకటి ఉన్నాయి. చేరడానికి కష్టమైన చోటు దుర్గం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దుర్గాలను ఔదకం, పార్వతం, ధాన్వనం, వనదుర్గం అని నాలుగుగా విభజించాడు. ఈ విభజనకు ఆధారం కట్టడం తీరు కాదు, వచ్చేవాణ్ణి ఆపేది ఏమిటన్నది. నీరు, కొండ, ఎడారి, అడవి అసలు అడ్డంకులు. మనిషి కట్టిన గోడ వాటికి తోడు మాత్రమే.

ఈ అర్థాన్ని మనసులో పెట్టుకుంటే కోటను చూడడం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు మారుతుంది. కారులో శిఖరం దాకా వెళ్లి, గంటసేపు తిరిగి, ఫోటోలు తీసుకుని దిగివచ్చిన వ్యక్తి అక్కడి గుళ్లను, మండపాలను, గాదెలను చూసి ఉంటాడు. దుర్గాన్ని మాత్రం చూడలేదు. చేరడంలోని కష్టమే ఆ నిర్మాణంలో ప్రధాన భాగం. ఆ భాగం కాలికి, ఊపిరికి, దాహానికి మాత్రమే తెలుస్తుంది. తెలుగునాట ఉన్న కొన్ని కోటలను ఈ దృష్టితో, అంటే నడిచేవారి వేగంతో, పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేలను చదివే పద్ధతి

నడుస్తూ నేలను చదవడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో దీనికి పేరు తెచ్చినవారిలో ఒకరు ఇలినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్ నివాసి, వృక్షశాస్త్రం బోధించిన మే థీల్‌గార్డ్ వాట్స్. పక్కనే లైల్‌లో ఉన్న మార్టన్ ఆర్బొరేటంలో ఆమె చాలాకాలం పనిచేశారు. 1957లో వెలువడిన ఆమె పుస్తకం 'రీడింగ్ ది లాండ్‌స్కేప్' ఒక కంచెను, ఒక ఇసుకమేటను, ఒక పాత ఇంటి పెరటిని చూసి అక్కడ గడిచిన కాలాన్ని ఎలా తెలుసుకోవచ్చో వివరిస్తుంది. తర్వాత యూరప్ నేలల గురించి కూడా అదే పద్ధతిలో ఆమె మరో పుస్తకం రాశారు.

షికాగో, అరోరా, ఎల్గిన్ పట్టణాలను కలిపిన విద్యుత్ రైలుమార్గం మూతపడ్డాక, ఆ పట్టాల స్థలాన్ని నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి ఇవ్వాలని కోరుతూ 1963లో షికాగో ట్రిబ్యూన్ పత్రికకు ఆమె ఒక ఉత్తరం రాశారు. బ్రిటన్‌లోని కాలిబాటలను చూసిన అనుభవం ఆమె ఆలోచనకు ప్రేరణ. ఆ ఉత్తరంతో మొదలైన ఉద్యమం ఫలితమే వీటన్, వారెన్‌విల్, అరోరాల మీదుగా సాగే ఇలినాయ్ ప్రెయిరీ పాత్. 

నేపర్‌విల్‌కూ ఒక కోట ఉండేది. 1832లో బ్లాక్ హాక్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడి కొత్త వలసదారుల రక్షణకు ఫోర్ట్ పేన్ కట్టారు. అది కొయ్యగుంజలు పాతి కట్టిన చిన్న చతురస్రం, మూలల్లో కాపలా గదులు. దాని నమూనా ఇప్పుడు నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియంలో ఉంది. చుట్టూ కొండ లేని, కోన లేని ప్రెయిరీ మైదానంలో సహజమైన అడ్డంకి ఏదీ దొరకదు కాబట్టి అక్కడ గోడే సర్వస్వం. ఆ కోటను ఐదు నిమిషాల్లో చూసి అర్థం చేసుకోవచ్చు. తెలుగునాట కోటలు చాలావరకు ఇందుకు పూర్తిగా భిన్నం. వాటిలో గోడ చివరి మాట. మొదటి మాట దారి.

తెలుగు యాత్రా సాహిత్యం కూడా నడక వేగంతోనే మొదలైంది. ఏనుగుల వీరాస్వామి 1830–31 మధ్య మద్రాసు నుంచి కాశీకి వెళ్లివచ్చి రాసిన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీరు దొరుకుతుందా, ఊళ్లో ఎవరుంటారు అన్న వివరాలు కనిపిస్తాయి. ఆయన పల్లకీలో వెళ్లారు. పల్లకీ వేగం బోయీల నడక వేగమే. అంతకు కొద్ది దశాబ్దాల ముందు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహచరులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించిందీ ఆ వేగంతోనే. కోటల గురించిన స్థానిక కథనాలు ఎన్నో ఇప్పటికి మిగలడానికి ఆ నడకే కారణం.

ఓరుగల్లు: చదునునేల మీద మూడు వలయాలు

కొండ అండలేని కోటతో మొదలుపెడితే దుర్గం తర్కం తేలిగ్గా బోధపడుతుంది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు గణపతిదేవుడి కాలంలో, ఆ తర్వాత రుద్రమదేవి కాలంలో బలపడింది. మైదానంలో ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు ప్రాకారాలు. లోపలి రాతిగోడ వలయం వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని వెలుపలి మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. హనుమకొండను కూడా తనలో కలుపుకొన్న మూడో మట్టికట్ట వ్యాసం సుమారు 12.5 కిలోమీటర్లు. చుట్టుకొలతలుగా మారిస్తే మొదటిది దాదాపు 4, రెండోది ఏడున్నర, మూడోది 40 కిలోమీటర్ల దాకా వస్తాయి. మొదటిది నడకకు, రెండోది సైకిలుకు, మూడోది ఒక రోజంతా సైకిలు తొక్కడానికి సరిపోయే కొలతలు. మూడో కట్ట ఆనవాళ్లు చాలాచోట్ల ఊళ్లలో, పొలాల్లో కలిసిపోయాయి. దాన్ని వెతుక్కుంటూ పోవడంలోనే నేలను చదవడం మొదలవుతుంది.

ఈ సంఖ్యలకు అర్థం కాలికి తెలుస్తుంది. మూడో కట్ట దాటిన శత్రువు మట్టికోట చేరాలంటే సుమారు 5 కిలోమీటర్లు, అంటే గంటకు పైగా, నడవాలి. మట్టికోట దాటాక రాతిగోడ చేరడానికి మరో 600 మీటర్లు. మామూలు నడకకు అది ఏడెనిమిది నిమిషాల దూరం. తలమీద డాలు పట్టుకుని, ఎదుటి నుంచి బాణాలు పడుతుంటే ఆ నిమిషాలు ఎంత పొడవైనవో ఊహించడానికి ఆ నేలను ఒకసారి నడిచి దాటడం అవసరం. చివరికి అగడ్త, దాని అవతల సున్నం లేకుండా రాయికి రాయి అమర్చిన గోడ, గోడలోంచి ముందుకు పొడుచుకువచ్చిన 45 బురుజులు. గోడ లోపలి వైపున మెట్ల వరుస ఉంది. ఊళ్లో ఎక్కడున్న సైనికుడైనా ఏదో ఒక మెట్లదారికి పరుగెత్తే పని లేకుండా ఎదురుగా ఉన్న మెట్లే ఎక్కి గోడమీదికి చేరవచ్చు. కోటలోని వారికి దూరం తగ్గించడం, బయటివారికి పెంచడం ఈ నిర్మాణ సూత్రం.

ద్వారాలలోనూ అదే సూత్రం. బయటి వాకిలి దాటినవారికి ఎదురుగా రెండో వాకిలి కనిపించదు, గోడ కనిపిస్తుంది. లంబకోణంలో తిరిగితేనే లోపలి వాకిలి. తలుపును ఢీకొట్టడానికి ఏనుగుకు పరుగు తీసే చోటు లేదు. మలుపు తిరుగుతున్న మనిషికి మూడు వైపులా పైన శత్రువే. ఊరి రోడ్డు ఇప్పటికీ తూర్పు, పడమటి ద్వారాల గుండానే పోతుంది. ఆటోలో వెళ్లేవారికి అవి రెండు కుదుపులు, రెండు హారన్ మోతలు. నడిచి వెళ్లేవారికి మాత్రం మలుపు దగ్గర అడుగు తనంతట తానే నెమ్మదిస్తుంది. కట్టినవారు కోరుకున్నదీ అదే.

1309–10లో మలిక్ కాఫర్ చేసిన ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో ఈ మట్టికోట గట్టిదనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. ఈటె దిగదని, విసిరిన గుండు తిరిగి ఎగిరి వస్తుందని అతని వర్ణన. అది కవి మాట కావచ్చు. కానీ ఢిల్లీ సేనను అబ్బురపరచింది రాయి కాదు, మట్టి అన్న సంగతి గమనించదగ్గది. ఈ రోజు రాతికోట చూడడానికి వచ్చేవారిలో చాలామంది మట్టికట్టను కట్టగా గుర్తించకుండానే దాటిపోతున్నారు.

భువనగిరి: ఒకే రాయి

ఓరుగల్లు నుంచి హైదరాబాదు వైపు వచ్చే రైలుమార్గంలోనే భువనగిరి స్టేషను ఉంది. ఊరి నడుమ ఒకే పెద్ద రాయిగా లేచిన గుట్ట మీద కోట. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేర త్రిభువనగిరి అయి, ఆ తర్వాత భువనగిరి అయిందని ప్రసిద్ధి. ఇక్కడ గోడ కట్టవలసిన అవసరం చాలా వైపుల లేదు. నున్నటి రాతివాలే గోడ. ఎక్కగలిగిన ఒక్క పక్కన మాత్రం వాకిళ్లు, మెట్లు, మలుపులు కట్టారు. ఆ వాలు మీద పడిన వాననీటిని తొట్లలోకి మళ్లించి దాచుకున్నారు. శత్రువును జార్చే రాయే కోటలోని వారికి నీళ్లు పట్టి ఇస్తుంది. మెట్లు ఆగి రాయి మొదలయ్యే చోట బూటు పట్టు సడలిందని అనిపించిన క్షణంలో ఈ కోట ఎందుకు ఇక్కడ ఉందో చెప్పే పని ఏ గైడుకూ మిగలదు.

ఉదయగిరి, గండికోట: ఇరుకుదారి

దారే కోటకు బలమని చెప్పడానికి తెలుగునాట అన్నిటికంటె గట్టి సాక్ష్యం ఉదయగిరి. నెల్లూరు సీమకు పడమట, సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఈ దుర్గం పదిహేనో శతాబ్ది చివర నుంచి గజపతుల చేతుల్లో ఉంది. దాన్ని తీసుకోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1514 జూన్‌లో కోట లొంగింది. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ తన వృత్తాంతంలో ఆ ముట్టడి గురించి చెప్పిన వివరం ఆసక్తికరమైనది. కోటకు ఉన్న ఒకే దారి ఎంత ఇరుకంటే మనుషులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే పోగలరట. రాయలు బండలు పగలగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించాడట, కొండలో ఇంకా ఎన్నో దారులు తొలిపించాడట. ఆ తర్వాతే సైన్యం బురుజుల దగ్గరికి చేరగలిగింది.

అంటే ఏడాదిన్నర పాటు సాగిన పనిలో పెద్ద భాగం యుద్ధం కాదు, రోడ్డు వేయడం. ఒక్కొక్కరుగా వచ్చే పదివేలమంది సైన్యం నిజానికి ఒక మనిషి సైన్యమే. దారిని పది మంది పట్టేంత వెడల్పు చేస్తే ఆ కోట సగం పడిపోయినట్టే. ఈనాడు ఉదయగిరి కొండ ఎక్కేవారు దారి ఇరుకైన ప్రతిచోటా ఈ లెక్కను గుర్తు చేసుకోవచ్చు.

గండికోట మరో రకం ఇరుకు. ఎర్రమల కొండలను పెన్నానది కోసుకుంటూ పోయిన లోయ అంచున, పెమ్మసాని నాయకుల ఏలుబడిలో పేరుపొందిన కోట ఇది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో అతనికి రత్నాలు అమ్మజూపడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ దారిని వర్ణించాడు. కొండను తొలిచి వేసిన ఒకే దారి, కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగులకు మించని వెడల్పు, పక్కన భయం పుట్టించే అగాధం, కింద నది. పైకి చేరాక అతనికి కనిపించింది వేరే లోకం. ఊటల నీటితో తడిసే పొలాలు, వాటిలో వరి, చిరుధాన్యాలు. కింద నుంచి ఆకలితో ఎవరూ జయించలేని ఏర్పాటు అది.

ఇప్పుడు గండికోటకు వచ్చేవారు జమ్మలమడుగు నుంచి తారురోడ్డు మీద నేరుగా కోట వాకిలి దాకా, చాలామంది వాకిలి దాటి లోపలి దాకా వాహనంలో వస్తారు. జుమ్మా మసీదు, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, గాదె చూసి, లోయ అంచున నిలబడి సూర్యోదయమో సూర్యాస్తమయమో చూసి వెళ్తారు. లోయ అందం నిజమే. కానీ ఆ లోయ కోటకు ఒక గోడ అని, తావెర్నియే గుండె అదిరింది దాని అంచున నడుస్తూ అని తెలియాలంటే చివరి కొన్ని కిలోమీటర్లయినా వాహనం దిగాలి. జమ్మలమడుగు నుంచి సైకిలు మీద వచ్చేవారికి ఎర్రమల వాలు మొదలైన చోటు కళ్లకంటె ముందు పిక్కలకు తెలుస్తుంది.

నీరు: కొండవీటి చాంతాడు, గుత్తి దాహం

దారి తర్వాత దుర్గాన్ని నిలబెట్టేది నీరు. ఎంతకీ తెగని పొడవున్న దేన్నైనా తెలుగువారు కొండవీటి చాంతాడు అంటారు. చాంతాడంటే బావిలో నీళ్లు చేదే తాడు. ఆ సీమ బావుల లోతు వాడుకలోకి ఎక్కి, కోట కూలిన తర్వాత కూడా నిలిచిపోయింది. ఆ పక్కనే ఉన్న పల్నాటి నీటికరువు మీద శ్రీనాథుడి పేర చాటువులు ప్రచారంలో ఉండడం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో ఆయన విద్యాధికారిగా ఉన్నది కొండవీటిలోనే.

కింద అంత కరువున్న చోట కొండమీద ఏముంది? మూడు చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. అద్దంకిలో మొదలైన రెడ్డిరాజ్యానికి అనవోతారెడ్డి కొండవీటిని రాజధానిగా చేసుకోవడంలోని విజ్ఞత ఈ చెరువుల గట్టున నిలబడితే అర్థమవుతుంది. కింది ఊళ్లలో చాంతాడు పొడవు పెరుగుతూ ఉంటే, కొండమీద చెయ్యి చాపితే నీరు. పాత మెట్లదారిన, ఎండలో చెమటోడ్చి ఎక్కి వచ్చి ఆ నీటిని చూసినవారికి కలిగే ఆశ్చర్యం ఒక చారిత్రక సమాచారం కూడా. ముట్టడి వేసిన సైన్యం కింద దాహంతో ఉంటుంది, కోటలోనివారు ఉండరు. 1515 జూన్‌లో కృష్ణదేవరాయలకు కొండవీడు దక్కినప్పుడు ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్ర గజపతి బందీగా చిక్కాడు. తర్వాత కోట అధికారం తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపనకు దక్కింది. పాలకులు మారినా చెరువులు మారలేదు.

నీరు లేకపోతే ఏమవుతుందో గుత్తి చెబుతుంది. అనంతపురం సీమలోని ఈ దుర్గానికి ఒకదాని తర్వాత ఒకటిగా పదిహేను వాకిళ్లు ఉన్నాయని చెబుతారు. నడిచి ఎక్కేవారు వాటిని లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. ప్రతి వాకిలి దగ్గరా దారి తిరుగుతుంది, ప్రతి తిరుగుడు దగ్గరా కింద వదిలిన వాకిలి కనిపిస్తుంది. మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే ఆధీనంలో ఉన్న ఈ కోటను 1776లో హైదరాలీ ముట్టడించాడు. ఊరు పడిపోగానే జనం, పశువులు పైకోటలోకి చేరారు. రాతి దొనల్లో, తొట్లలో దాచిన వాననీరు అంతమందికి చాలలేదు. సంధి మాటలు నడుస్తుండగా, కోటలో నీరు మూడు రోజులకే ఉందన్న సంగతి జామీనుగా వచ్చిన ఒక యువకుడి నోటి వెంట బయటపడిందని కర్నల్ విల్క్స్ తన మైసూరు చరిత్రలో రాశాడు. హైదరాలీ ఆగిపోయాడు. వాకిళ్లు బద్దలు కొట్టే పని లేకుండానే కోట లొంగింది. మురారిరావును కబ్బాళదుర్గంలో బంధించారు, అక్కడే చనిపోయాడు.

శిఖరం అంచున మురారిరావు గద్దె అని పిలిచే చిన్న మండపం ఉంది. అక్కడికి చేరే సరికి సీసాలోని నీరు సగానికి పైగా అయిపోతుంది. పదిహేను వాకిళ్లను ఓడించింది ఏమిటో అర్థం చేసుకోవడానికి ఆ సగం సీసా చాలు.

శాసనంలోని దారిపటం

విడివిడిగా కోటలు ఎక్కడం ఒక పద్ధతి. కోట నుంచి కోటకు పోవడం మరో పద్ధతి. స్పెయిన్‌లో రెండోదానికి మంచి ఉదాహరణ ఉంది. మధ్యయుగపు వీరుడు ఎల్ సిద్ గాథలో అతని ప్రవాసం సాగిన ఊళ్లను కలుపుతూ, బుర్గోస్ నుంచి అలికాంతె దాకా ఎనిమిది ప్రావిన్సుల మీదుగా ఎల్ సిద్ దారిని ఏర్పాటు చేశారు. నడిచేవారికి ఒక బాట, సైకిళ్లకు మరో బాట. వెళ్లేవారికి ఒక చిన్న పుస్తకం ఇస్తారు, ఊరూరా అందులో ముద్ర వేయించుకోవచ్చు. ఆతియెన్సా, మొలీనా దె అరగోన్ వంటి చిన్న ఊళ్ల కోటలకు దారిన పోయే మనుషులు దొరికింది అలాగే. జనం పట్నాలకు తరలిపోయి ఖాళీ అవుతున్న పల్లెలకు సాయంత్రం భోజనం, రాత్రి బస అడిగే బాటసారులు ఒక ఆసరా. ఆ దేశం 1949లోనే కోటలన్నిటినీ, అవి ఏ శిథిల స్థితిలో ఉన్నా సరే, ప్రభుత్వ రక్షణలోకి తెచ్చింది.

తెలుగునాట ఇలాంటి దారిపటం ఎవరూ కొత్తగా గీయనక్కరలేదు. ఐదువందల ఏళ్ల కిందటి శాసనాల్లోనే ఉంది. కృష్ణదేవరాయల తూర్పు దండయాత్రను చెప్పే శాసనాలు ఉదయగిరి తర్వాత ఆయన గెలిచిన కోటలను పేరుపేరునా చెబుతాయి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం, ఆపై కొండవీడు. తర్వాత కొండపల్లి. చివరికి సింహాచలం, అక్కడ ఆయన 1516లో వేయించిన శాసనం. ఆముక్తమాల్యదకు బీజం పడింది కూడా ఈ దండయాత్రలోనే, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగినప్పుడు. ఎల్ సిద్ గాథ ఒక కావ్యం ఆధారంగా దారి అయింది. ఈ దారి మధ్యలో ఒక కావ్యం పుట్టింది.

ఈ వరుసలోని కోటలన్నీ ఇప్పుడు ఒకే స్థితిలో లేవు. నాగార్జునకొండ చుట్టూ ఉన్న లోయ సాగరు నీటిలో మునిగి, కొండ ద్వీపంగా మిగిలింది, పడవలో మాత్రమే చేరాలి. కొన్నింటికి ఊరివారు చూపిస్తే తప్ప దారి దొరకదు. వినుకొండ, కొండపల్లి వంటివి ఊరికి ఆనుకునే ఉన్నాయి. అయితే మధ్య ఉన్న నేల చాలావరకు పత్తి, మిర్చి, పొగాకు పండే మైదానం. సైకిలు తొక్కడానికి కష్టం కాని నేల. ఒక కొండ మీది నుంచి తర్వాతి కొండ మసకగా కనిపించే చోట్ల, దుర్గాలు ఒక్కొక్కటిగా కాక ఒక వ్యవస్థగా పనిచేశాయన్న సంగతి కంటికి కడుతుంది.

రోడ్డు వచ్చాక

కొండవీటికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. భువనగిరికి రోప్‌వే ప్రతిపాదన చాలాకాలంగా వినిపిస్తోంది. వీటిని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చక్రాల కుర్చీలో ఉన్నవారు, చంటిపిల్లల తల్లులు కూడా తమ చరిత్రను చూడాలనుకుంటారు. కింద ఊళ్లలో టీకొట్టు నడిపేవారికి, ఆటో నడిపేవారికి నాలుగు రాళ్లు వస్తాయి. కోట గురించి నలుగురికీ తెలిస్తేనే దాన్ని కాపాడాలని అడిగేవారు పుడతారు.

నష్టం రోడ్డు రావడంలో లేదు, రోడ్డు వచ్చాక పాతదారి పోవడంలో ఉంది. నడిచేవారు లేని మెట్లదారి రెండు మూడు వానాకాలాల్లో ముళ్లపొదల పాలవుతుంది. మెట్లరాళ్లు ఇళ్ల పునాదులకు కదిలిపోతాయి. మనిషి అలికిడి లేని వాకిళ్ల దగ్గర గుప్తనిధుల కోసం గుంతలు తవ్వేవారు చేరతారు. శిఖరం మీది మండపానికి రంగు వేస్తారు, కిందనున్న మూడో వాకిలి ఎప్పుడు కూలిందో ఎవరికీ తెలియదు.

చట్టం చూపు కూడా కట్టడం చుట్టూనే తిరుగుతుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలోని కట్టడం సరిహద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఒక గుడికో, ఒక బావికో ఈ కొలత సరిపోవచ్చు. కిలోమీటర్ల పొడవున్న దారే ప్రధాన భాగమైన దుర్గానికి ఇది చాలదు. కొండ కింద మొదలయ్యే తొలి మెట్టు ఈ లెక్కలోకి రాకపోవచ్చు. పాతదారిని కూడా కట్టడంలో భాగంగా నమోదు చేయడం, ఏటా వానలు వెలిశాక పొదలు కొట్టించడం, వాకిలి వాకిలికీ పేరు రాయించడం పెద్ద ఖర్చు లేని పనులు. రోప్‌వేకు అయ్యే డబ్బులో చిన్న భాగంతో ఒక సీమలోని దారులన్నీ బాగుపడతాయి. పైకి వాహనంలో వెళ్లిన కుటుంబంలో నడవగలిగినవారు ఆ దారినే దిగి రావచ్చు. రెండూ పక్కపక్కనే ఉండడంలో ఇబ్బంది లేదు.

నడవదలచినవారికి

విదేశాల నుంచి సెలవులకు వచ్చేవారిలో ఎక్కువమంది డిసెంబరు, జనవరిలో వస్తారు. కోటలు ఎక్కడానికి అవే మంచి నెలలు. జూన్, జులైలో వచ్చేవారు రాయి వేడెక్కక ముందే ఎక్కి దిగేలా, తెల్లవారకముందే బయలుదేరాలి. వానాకాలంలో భువనగిరి వంటి నున్నటి రాతిగుట్టలు ప్రమాదకరం. మనిషికి మూడు లీటర్ల నీరు, తలకు గుడ్డ, పట్టున్న చెప్పులు చాలు, ప్రత్యేకమైన సరంజామా అక్కరలేదు. సైకిలుకు అనువైనవి ఓరుగల్లు వలయాలు, జమ్మలమడుగు నుంచి గండికోట దారి. కాలికి అనువైనవి ఉదయగిరి, గుత్తి, కొండవీటి పాతమెట్లు. ఒంటరిగా కాక తోడుతో వెళ్లడం, కింద ఊళ్లో చెప్పి వెళ్లడం మంచిది.

కింద ఊళ్లో ఆగడానికి మరో కారణం కూడా ఉంది. వాకిళ్ల అసలు పేర్లు, ఎండిన చెరువు ఎక్కడుందో, ఏ పక్క నుంచి వస్తే దిడ్డివాకిలి దొరుకుతుందో తెలిసినవారు గొర్రెలకాపరులు, కట్టెలకు కొండెక్కే ఆడవాళ్లు. మెకంజీ మనుషులు కైఫీయతులు రాసుకున్నది అలాంటివారిని అడిగే. ఆ తరం పిల్లలు పట్నాలకు, సముద్రాల అవతలికి వెళ్లిపోయారు. మేకలు ఎక్కని కొండమీద బాట చెరిగిపోతుంది, బాటతో పాటు దాని మలుపులకున్న పేర్లూ పోతాయి. కోట గోడలు మరో నాలుగు వందల ఏళ్లు నిలవవచ్చు. దారి మాత్రం ఎవరైనా నడిచినంత కాలమే ఉంటుంది.